మా బర్రె మూతి తిప్పుకున్న రోజు

మా అత్తమ్మకు చూపు తగ్గిందని ముందుగా కనిపెట్టింది మేం కాదు, మిర్చి మార్కెట్లో ఎవరో వ్యాపారి. పోయిన ఏడాది మా బస్తా మూతి విప్పి, లోపలిదాకా చెయ్యి పెట్టి, గుప్పెడు కాయలు తీసి చూశాడట. ఎర్రటి కాయల మధ్య తెల్లగా పాలిపోయిన తాలు కాయలు. ముఖం చిట్లించి బస్తాను పక్కకు జరిపించాడట. అది అత్తమ్మ ఏరిన బస్తా.

తెలియని వాళ్ళకు చెప్పాలి కదా. మిర్చి కోసి తెచ్చాక కల్లంలో పట్టాల మీద ఎండబోస్తాం. ఎండాక ఆడవాళ్ళం కుప్ప చుట్టూ కూర్చుని తాలు వేరు చేస్తాం. మంచి కాయ ఇటు, తెల్లబడిన కాయ అటు. వినడానికి సులువే. ఆ ఘాటులో పొద్దుటి నుంచి కూర్చుంటే మధ్యాహ్నానికే ఎరుపూ తెలుపూ ఒకటైపోతాయి. అత్తమ్మకు మాత్రం ముప్పై ఏళ్ళు అలా కాలేదు. అడవి ఊళ్ళ నుంచి కోతకు వచ్చే ఆడవాళ్ళు ఆమె పక్కన చోటు కోసం పోటీ పడేవాళ్ళు. ఆమె పక్కన కూర్చుంటే కబుర్లు ఉంటాయి. తప్పు ఏరితే చేతి మీద చిన్న దెబ్బ కూడా ఉంటుంది.

మార్కెట్ నుంచి వచ్చిన రోజు మా ఆయన చెప్పులు విప్పకుండానే అన్నాడు.

"అమ్మా, ఇగ నువ్వు కల్లం కాడికి రాకు. ఇంటికాడ కూసో, సల్లగుంటది."

"అవ్, సరే" అంది అత్తమ్మ.

అంతే. ఒక మాటకు పది మాటలు అప్పజెప్పే మనిషి రెండు మాటలతో ఊరుకుంటే నాకు భయం వేసింది. తిట్టినా బాగుండేది. ఆ సాయంత్రం ఆమె వెనక అరుగు మీద కూర్చుని, ఒడిలో నాలుగు ఎండు మిరపకాయలు పెట్టుకుని, ఒక్కొక్కటీ కంటికి దగ్గరగా తెచ్చుకుని చూస్తోంది. నేను చూశానని ఆమెకు తెలియదు. తెలిసేంత చూపు లేదు.

నా గురించి కూడా కొంచెం చెప్పుకోవాలి. మాది దమ్మపేట వైపు, పామాయిల్ తోటల ఊరు. పదో తరగతి పాసయ్యాను, ఇంటర్ మొదటేడు తప్పాను. తప్పాక మళ్ళీ కట్టలేదు. మా వైపు అత్తగారిని "మీరు" అంటాం. ఈ ఇంటికి వచ్చిన మొదటి వారం నేను మీరు, మీరు అంటుంటే అత్తమ్మ తట్టుకోలేకపోయింది. "మీరంటే బస్సుల పక్క సీటుదాన్ని పిలిచినట్టున్నది పిల్లా. నువ్వు అను" అంది. ఆ రోజు నుంచి నువ్వే. మామయ్యగారు నా పెళ్ళికి ముందే పోయారు. ఇంట్లో మేం ముగ్గురం, ఒక బర్రె. పొలం గట్టు దాటితే అడవే.

మళ్ళీ వానాకాలం వచ్చి మిర్చి నారు పోసిన రోజుల్లో మండలంలో కళ్ళ క్యాంపు పెట్టారు. నేనే బలవంతంగా తీసుకెళ్ళాను. రెండు కళ్ళలోనూ పొర వచ్చిందన్నారు. ఆపరేషన్ చేస్తే చూపు వస్తుందన్నారు. ఆ మాటకు అత్తమ్మ ముఖం విప్పారింది చూడండి, నేను ఎప్పటికీ మర్చిపోలేను. వెంటనే అడిగింది.

"సారూ, కోతల కల్ల అయితదా?"

డాక్టరు నవ్వి, చేతిలో కాగితం చూసి నవ్వడం ఆపేశాడు. "షుగర్ ఇంతుంటే ఎట్లమ్మా? కోసినంక పుండు మానదు. చీము పట్టిందంటే ఉన్న చూపు గూడ పోతది. షుగర్ అదుపులకి తీసుకొని రాండ్రి, అప్పుడు చేస్త."

తిరుగు బస్సులో ఆమె నా చెయ్యి పట్టుకుని, "ఎట్లన్న తగ్గియ్యాలె పిల్లా. కోతలు వచ్చేదాంక" అంది. నేను పెద్ద ఆరిందాలా "నేను చూసుకుంటాగా" అన్నాను.

చూసుకోవడం అంటే నాకు ఫోనే. వీడియోలు చూశాను. ఒకాయన వేపాకు నమలమన్నాడు, ఇంకొకామె కాకరకాయ రసం అంది. ఒక వీడియోలో మాత్రం ఒకావిడ చక్కగా వండి చూపించింది. కుక్కర్లో వండితే అన్నంలో ఉన్నదంతా అన్నంలోనే ఉంటుందట. గిన్నెలో వండి గంజి వార్చేస్తే షుగర్‌ను పెంచేదంతా గంజిలోకి పోతుందట. ఎంత తేలికో చూడండి! నాకు నచ్చింది ఎందుకంటే అత్తమ్మకు వేరే వంట అంటే గిట్టదు. "నా ఒక్కదానికి వేరే పొయ్యి పెడితే నేను రోగిష్టిదాన్ని అయిపోయినట్టే" అంటుంది. ఇదైతే అందరికీ ఒకటే అన్నం. ఆమెకు తెలియకుండానే షుగర్ తగ్గిపోతుంది.

తెలియకుండానే! నా తెలివి మొత్తం ఆ ఒక్క మాటలో ఉంది.

మర్నాడు కుక్కర్ గాస్కెట్ తీసి బియ్యం డబ్బాలో అడుగున పెట్టేశాను. గాస్కెట్ పోయిందన్నాను. "నాలుగు రోజులు గిన్నెల వండు, ఏమైతది" అంది అత్తమ్మ. నాలుగు రోజులకు ఆమే కొడుకుతో చెప్పి కొత్త గాస్కెట్ తెప్పించింది. అది కూడా బియ్యం డబ్బాలోకి పోయింది. సైజు సరిపోలేదన్నాను. ఆయన గొణుక్కుంటూ ఇంకొకటి తెచ్చాడు. అదీ సరిపోలేదు. "గిదేం కుక్కరే, దీనికి మనిషి కన్న ఎక్కువ రోగాలున్నయ్" అన్నాడు ఆయన.

గిన్నెలో అన్నం ఉడికాక సిబ్బి మూతగా పెట్టి వంచితే చిక్కటి గంజి కింది గిన్నెలోకి దిగుతుంది. అది చూస్తుంటే నాకు ఎంత ఆనందమో. ఇదిగో, ఇదంతా షుగరే, అనుకునేదాన్ని. దాన్ని వెనక అరుగు మీద చల్లార్చి, మధ్యాహ్నం తవుడు కలిపి బర్రె కుడితి తొట్టిలో పోసేదాన్ని. బర్రెకు పండగే. మూతి ముంచితే తొట్టి అడుగు నాకే దాకా తలెత్తేది కాదు. పాలు ఒక చెంబు పెరిగాయి. ఆయన కూడా కుక్కర్ సంగతి మర్చిపోయాడు.

నెలకు మా ఊరి దవాఖానాలో నర్సమ్మ వేలు గుచ్చి చూసింది. నేను దేవుడికి దండం పెట్టుకోవడానికి కూడా సిద్ధంగా ఉన్నాను. ఆమె మిషను చూసి, మళ్ళీ ఇంకో వేలు గుచ్చింది.

"పెరిగింది గదా పెద్దమ్మా! గోలీలు ఏసుకుంటున్నవా?"

"పొద్దుగాల, మాపటేళ, ఒక్కటి తప్పలే."

"స్వీట్లు?"

"చాయ్‌ల గూడ చక్కెర బంద్ చేసిన బిడ్డా. ఒట్టు."

అత్తమ్మ ఒట్టు వేస్తే నిజమే. అయినా నాకు అనుమానం వచ్చేసింది. ఇంటికి వచ్చి ఆమె పరుపు కింద, తలదిండు గలీబులో, చీరల పెట్టెలో వెతికాను. ఒక చాక్లెట్ కాగితం కూడా దొరకలేదు. దొరికింది పాత వక్కల డబ్బా, మామయ్యగారి ఫొటో. సిగ్గేసి అన్నీ మళ్ళీ ఎక్కడివక్కడ పెట్టేశాను. ఆ రాత్రి ఆమె అన్నం సగంలోనే వదిలి లేచిపోయింది. "ఏం తిన్నా పెరుగుతుంటే తినుడెందుకు" అంది. కోతలు వచ్చేదాకా అని నాతో చెప్పిన మాట మళ్ళీ ఎత్తలేదు. ఎత్తలేదంటే ఆశ వదిలేసుకున్నట్టే కదా. నాకు నిద్ర పట్టలేదు.

ఇదంతా ఇలా ఉండగా బర్రె అలిగింది.

కుడితి పోస్తే మూతి పెట్టి, వాసన చూసి, పక్కకు తిప్పుకుంది. మొదటి రోజు ఉక్క అనుకున్నాం. రెండో రోజు కూడా అంతే. మూతి ముంచడం, బుస్సుమని తుమ్మడం, నావైపు చూడడం. పాలు తగ్గాయి. ఆయన కంగారుపడి పశువుల డాక్టర్ని బండి మీద తీసుకొచ్చాడు. డాక్టరు బర్రె నాలుక చూశాడు, చెవులు పట్టి చూశాడు, పొట్ట మీద చెవి పెట్టి విన్నాడు. చివరికి కుడితి తొట్టిలో చెయ్యి ముంచి, వేళ్ళు రుద్ది చూశాడు.

"బర్రెకేం లేదు. దీనికేంది, ఉత్త నీళ్ళు పోస్తున్నరు?"

"నీళ్ళు కాదు సార్, గంజి" అన్నాను.

"ఇది గంజా? నేను తాగే చాయ్ ఇంతకన్న చిక్కగుంటది." ఆయన చెయ్యి దులుపుకున్నాడు. "మొదలు మంచిగ పోసి అలవాటు చేసి, ఇప్పుడు నీళ్ళు పోస్తే అదేం ఊకుంటదా? దానికి గూడ రోషం ఉంటది."

మా ఆయన నావైపు చూసిన చూపు ఉంది చూడండి. పుట్టింటికి గంజి పంపిస్తున్నానేమో అన్నట్టు చూశాడు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పొద్దున్నే నా చేత్తో వార్చిన చిక్కటి గంజి మధ్యాహ్నానికి నీళ్ళెలా అవుతుంది? గిన్నె నిండుగానే ఉంటోందే!

మర్నాడు గంజి వార్చి ఎప్పటిలాగే వెనక అరుగు మీద పెట్టి, బట్టలు ఉతకడానికి పోతున్నానని గట్టిగా చెప్పి, తలుపు పక్కన నిలబడ్డాను. ఎక్కువసేపు పట్టలేదు. అత్తమ్మ గోడ పట్టుకుంటూ వచ్చింది. చేతిలో చెంబు, ఇంకో చేతి గుప్పిట్లో ఉప్పు, ఒక ఉల్లిగడ్డ. చెంబు గంజిలో ముంచి తీసింది, ఉప్పు వేసి వేలితో కలిపింది. ఉల్లిగడ్డ కొరుక్కుంటూ, కళ్ళు మూసుకుని, గుటక గుటకకూ ఆగి తాగింది. ఎంత ఇష్టంగా తాగిందంటే, ఒక క్షణం నాకూ తాగాలనిపించింది. రెండో చెంబు కూడా తాగింది. తర్వాత గాబులో నీళ్ళు ముంచి, గిన్నెలో వేలు పెట్టి ఎంతదాకా ఉందో తడిమి చూసుకుంటూ, అంతకు అంత నింపింది. బర్రెకు తక్కువ పడకూడదని!

"అత్తమ్మా!"

చెంబు కింద పడింది.

"ఏం చేస్తున్నావు అత్తమ్మా?"

"ఏందే గట్ల మొత్తుకుంటవ్, పానం పోయింది. గంజి తాగుతున్న. కనవడ్తలేదా, నీకు గూడ పొర వచ్చిందా?"

"గంజి ఎందుకు తాగావు?"

"ఎందుకేంది? చాయ్‌ల చక్కెర లేకపాయె, పొద్దుగాల నోరు సప్పగయితది. గంజి ఏం చేస్తది, ఉత్త నీళ్ళు. మొదలు సగం చెంబే తాగేదాన్ని, అన్నం తగ్గిచ్చినంక రెండు చెంబులాయె. మా అమ్మ నాకు గిదే పోసి పనికి తోలేది. అసొంటి గంజిని బర్రెకు పోస్తే నా మనసు ఒప్పుతలేదు."

అప్పుడు ఏడుస్తూ అంతా చెప్పేశాను. వీడియో, గాస్కెట్లు, బియ్యం డబ్బా, అన్నంలోంచి నేను తీసేస్తున్నదే ఆమె చెంబుతో తాగేస్తోందని. చెప్తున్నకొద్దీ ఆమె ముఖం మారిపోయింది. జాలిపడుతుందనుకున్నాను. కాదు.

"అంటే గాస్కెట్ పోలేదా?"

"లేదు."

"మూడు గాస్కెట్లు?"

"బియ్యం డబ్బాలో ఉన్నాయి."

ఆమె లోపలికి పోయి, బియ్యం డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి, మూడూ తీసి, గాజుల్లా చేతికి తొడుక్కుని బయటికి వచ్చింది. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది. అప్పుడు రాలేదు.

"నెల రోజులాయె. నా కడుపుల ఏం పోతుందో, ఏం తీస్తున్నవో నాకు చెప్పకుండ నడిపినవ్. నేనేమన్న బర్రెనా, ఏది పోస్తే అది తాగనీకి? బర్రె నయం, అదన్న మూతి తిప్పుకున్నది."

నిజం చెప్పాలంటే నేను ఆమె కోసం చేస్తున్నానని అనుకున్నాను గానీ, ఆమెను అడగలేదు. కల్లానికి రాకు అని ఆయన ఒక్క మాటలో తేల్చేస్తే ఆ రోజు లోపల్లోపల నాకు కోపం కూడా వచ్చింది. నేను ఆ ఒక్క మాట కూడా అనలేదు. అంతే తేడా.

మర్నాడు పొద్దున్నే అత్తమ్మ చెప్పులు వేసుకుని వాకిట్లో నిలబడింది. "నడువ్, నర్సమ్మ కాడికి. నీ ఫోను ఈడనే పెట్టు."

నర్సమ్మ అంతా విని, కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళద్దాలు తీసి తుడుచుకునేదాకా నవ్వింది. తర్వాత నన్ను కూడా వదల్లేదు.

"గంజి వార్చితే ఏదో జర తగ్గుతదేమో గని, కంచం నిండ అన్నం తింటే అన్నం అన్నమే చెల్లె. వార్చి పెట్టినమని ఇంకో గరిటె ఎక్కువ ఏసినవా లేదా?"

వేశాను. వార్చిన అన్నమే కదా అని రెండు గరిటెలు ఎక్కువే వేశాను.

"పెద్దమ్మా, నువ్వు ఇను. గోలీలు బంద్ పెట్టొద్దు. అన్నం బంద్ పెట్టమంటలే. కంచంల సగం కూరలుండాలె, పావు పప్పో గుడ్డో, మిగిలిన పావుల అన్నం గని జొన్న రొట్టె గని. తిన్నంక కూసోకు, నడువు. టైముకు తిను. చెమటలు పోసి చేతులు వణికితే మాత్రం వెంటనే చక్కెర నోట్లె ఏసుకో, నా కాడికి రా."

"చూసినవా, చక్కెర గూడ మందే" అంది అత్తమ్మ నావైపు తిరిగి. పోట్లాట తర్వాత నాతో నవ్వుతూ అన్న మొదటి మాట అదే.

మేం లేచి పోబోతుంటే నర్సమ్మ నా కళ్ళ కింది రెప్ప లాగి చూసింది. వేలు గుచ్చింది. "నువ్వేందమ్మా గింత తెల్లగున్నవ్? రక్తం తక్కువుంది. ఎప్పుడు తింటవ్?"

"అందరూ తిన్నాక" అన్నాను.

"ఏం తింటది, అడుగంటింది తింటది" అంది అత్తమ్మ. "అదీ నిలవడి. తినుకుంట చాయ్ తాగుతది. అన్నంల చాయ్ పోసుకుంటదేమో అని నాకు అనుమానం."

తినేటప్పుడు, తిన్న వెంటనే చాయ్ తాగితే ఆకుకూరలోని ఇనుము ఒంటికి పట్టదట. కనీసం గంట ఆగాలట. నర్సమ్మ నాకు ఐరన్ గోలీలు రాసిచ్చింది. దారిలో అత్తమ్మ ఎంత హుషారుగా నడిచిందో! "నా గంజి కాడ కావలి కాసిన దొంగ దొరికింది. ఇగ నీ కంచం నేను చూస్త, నా కంచం నువ్వు చూడు. దాపరికాలు వద్దు."

అలా మా ఇంట్లో ఇద్దరం ఒకేసారి కూర్చుని తినడం మొదలైంది. ఇది చిన్న విషయం అనుకోకండి. ఈ ఇంట్లో కోడలు అందరితో కూర్చుని తినడం నాకు తెలిసి అదే మొదలు. ఆమె కూడా కోడలిగా ఉన్నప్పుడు చివరికే తిన్నదట, తర్వాత అదే అలవాటై మధ్యాహ్నం మూడింటికి ఒక్కతే తినేది. ఇప్పుడు పన్నెండున్నరకు ఇద్దరివీ కంచాలు. ఆమెకు కంచం సరిగ్గా కనిపించదు కాబట్టి జొన్న రొట్టె ముక్కను మధ్యలో అడ్డంగా గట్టులా నిలబెట్టేది. గట్టుకు అవతల కూర, ఇవతల మిగతావి. చేత్తో తడిమి, "ఇటు దిక్కు పొలం ఎక్కువున్నదే, కోసెయ్" అని అన్నం తీయించేది.

మొదటి పది రోజులు మాత్రం నరకం, ఆమెకూ నాకూ. సాయంత్రం నాలుగింటికి ఆకలికి అందరినీ తిట్టేది. ప్రభుత్వాన్నీ, కోడినీ, నన్నూ. పెసర గుగ్గిళ్ళు చేసి పెట్టాను. వేయించిన శనగలు కొంగున కట్టుకుని తిరిగేది. వానలు కాబట్టి అడవి నుంచి బోడ కాకరకాయలు తట్టల్లో తెచ్చి రోడ్డు పక్కన అమ్మేవాళ్ళు. అవి ఉల్లిగడ్డ వేసి వేయిస్తే అన్నం అడగకుండానే తినేది. తోటకూర, మునగాకు పప్పు ఇద్దరికీ. నాకు చాయ్ మానడం కష్టం కాలేదంటే అబద్ధం. తిని లేవగానే నా చెయ్యి దానంతటదే చాయ్ గిన్నె వైపు పోయేది. చూపు లేని మనిషికి గిన్నె చప్పుడు మాత్రం ఎలా వినపడేదో! "గంట కాలే పిల్లా" అని అరుగు మీద నుంచి కేక.

తిన్నాక పొలం గట్టు దాకా నడక. ఆమె నా భుజం పట్టుకునేది. పొద్దు గుంకకముందే తిరిగి రావాలి, అటు ఎలుగుబంట్లు తిరుగుతాయి. మిర్చి నాట్లు వేసే ఆడవాళ్ళు మమ్మల్ని చూసి, "అత్తాకోడళ్ళు యాడికి పోతున్నరు, సినిమాకా?" అనేవాళ్ళు. "అవ్, హీరోయిన్ను తోలుకపోతున్న" అనేది ఆమె. మొక్కల దగ్గర వంగి ఆకు తడిమి, ముడత పడిందో లేదో వేళ్ళతోనే చెప్పేది.

గంజి అన్నారా? కుక్కర్ మళ్ళీ పొయ్యి ఎక్కలేదు. గిన్నె అన్నమే అందరికీ రుచి మరిగింది. గంజి మాత్రం ఇప్పుడు బర్రెకు నీళ్ళు కలపకుండా పోస్తున్నాం, అత్తమ్మ చేతుల మీదుగానే. తొట్టి పక్కన నిలబడి, దాని మెడ మీద చెయ్యి వేసి, "తాగవే తాగు. నా వాటా గూడ నువ్వే తాగు" అనేది. అది తలెత్తకుండా తాగుతుంటే ఆమె గొంతు గుటక వేయడం నేను చూశాను. చిన్నప్పటి కోరిక కదా. ఎంత కష్టమో.

మధ్యలో ఒకసారి నేను మళ్ళీ తప్పు చేశాను. ఊళ్ళో గృహప్రవేశం. అత్తమ్మ పక్కింటామెతో పోయి వచ్చింది. బొబ్బట్లు పెట్టారని విన్నాను. ఆమె రాగానే నా ముఖం ఎలా ఉందో ఏమో, ఏమీ అడగకుండానే అడిగినట్టయింది. ఆమె కొంగు ముడి విప్పి, విస్తరాకు ముక్కలో చుట్టిన రెండు బొబ్బట్లు నా చేతిలో పెట్టింది.

"నీకే. రక్తం తక్కువున్నదానివి. నేను చెయ్యి గూడ నాకలే, పక్కామెను అడుగు కావాల్నంటే."

అడగలేదు. అక్కడే కూర్చుని రెండూ తిన్నాను. చాలా బాగున్నాయి.

మూడు నెలలు నిండాక మూడు నెలల షుగర్ చూసే పరీక్ష ఉంటుందని నర్సమ్మే రాసిచ్చింది. ముందు రెండు రోజులు ఉపవాసం ఉండి మోసం చేద్దామన్నా కుదరదట, మూడు నెలల బాగోతం మొత్తం అందులో తెలిసిపోతుందట. "ఇది మన మార్కెట్ వ్యాపారి లెక్క. బస్తా అడుగుదాంక చెయ్యి పెట్టి చూస్తది" అంది అత్తమ్మ. ఆ రోజు నవ్వింది గానీ, కాగితం వచ్చేదాకా నా మోచెయ్యి వదల్లేదు.

కళ్ళ డాక్టరు కాగితం చూశాడు. ఇంకోసారి చూశాడు. "మంచిగనే తగ్గింది. ఏం మందు వాడిన్రు?" అన్నాడు.

"పాత గోలీలే సారూ" అంది అత్తమ్మ. "మా బర్రె సాయం చేసింది."

ఆయనకు అర్థం కాలేదు. చెప్పడానికి టైం కూడా లేదు, బయట లైను పెద్దగా ఉంది. ఆపరేషన్‌కు వారం తర్వాత రమ్మన్నారు. తగ్గిందని నాలుకకు తాళం తీయొద్దు, జీవితాంతం ఇంతే అని కూడా చెప్పారు. ఆ మాటకు ఆమె "ఇప్పుడు నోరు గిట్లనే అలవాటయింది తియ్యి" అంది. నాకు ఆపరేషన్ తేదీ కంటే ఆ మాటే ఎక్కువ నచ్చింది.

ముందు ఒక కన్ను చేశారు. దుమ్ము, పొగ, మిర్చి ఘాటు దగ్గరికి కొన్నాళ్ళు పోవద్దన్నారు. మొదటి కోత అప్పుడే మొదలైంది. నల్లద్దాలు పెట్టుకుని వాకిట్లో కూర్చుని, దారిన పోయే ప్రతి ట్రాక్టర్‌నూ ఆపి, "ఎవరిది? ఎంత ఎండింది?" అని అడిగి అందరి ప్రాణాలు తీసింది. చుక్కల మందు నాలుగు పూటలూ నేనే వేశాను, ఆమె నా ఐరన్ గోలీ గుర్తు చేసింది. నాకు రక్తం కొంచెం పెరిగింది, ఇంకా పెరగాలంది నర్సమ్మ.

రెండో కోత నాటికి డాక్టరు ఒప్పుకున్నాడు, ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకుని, అద్దాలు తీయకుండా, కొంచెంసేపే అని. ఆ పొద్దు ఆమె నాకంటే ముందు తయారైంది. మా ఆయన బండి స్టార్ట్ చేస్తూ, "అమ్మా, ఎండల ఎందుకే..." అని మొదలుపెట్టాడు. ఆమె మాట్లాడకుండా వెనక ఎక్కి కూర్చుంది. "నడువ్" అంది. ఆయన నడిపాడు. నేను నడిచి వచ్చేసరికి కల్లంలో నవ్వులు వినబడుతున్నాయి. అడవి ఊరి ఆడవాళ్ళు జరిగి చోటిచ్చారు. వాళ్ళ భాషలో ఏదో అని, ఆమె అద్దాలు చూసి ఒకళ్ళనొకళ్ళు పొడుచుకుని నవ్వుతున్నారు.

అత్తమ్మ కుప్ప ముందు కూర్చోలేదు. ముందు పట్టాల చుట్టూ నెమ్మదిగా తిరిగింది. ఎండలో ఆ ఎరుపు అంతా ఒక్కసారి చూసుకుంటున్నట్టుంది. ఒక మూల, ఏరడం అయిపోయి బస్తాల్లో నింపడానికి సిద్ధంగా ఉన్న కుప్ప దగ్గర ఆగింది. వంగకుండా, నిలబడే చూసింది. తర్వాత మెల్లగా కూర్చుని, రెండు వేళ్ళతో ఒక తెల్ల కాయ తీసింది. ఇంకోటి. ఇంకోటి. ఒడిలో వేసుకుంటూ పోయింది.

"ఈ కుప్ప ఎవరు ఏరిన్రు?"

అందరూ నావైపే చూస్తున్నారు.

"నేనే అత్తమ్మా" అన్నాను.

ఆమె ఒడిలోని తాలు కాయలన్నీ గుప్పిట పట్టి నా చేతిలో పోసి, చేతి మీద చిన్న దెబ్బ వేసింది.

"వచ్చే క్యాంపుల నీ కండ్లు చూపిచ్చుకో పిల్లా" అంది.

కల్లం అంతా నవ్వింది. మా ఆయన కూడా నవ్వి, అటు తిరిగి బస్తాలు సర్దడం మొదలుపెట్టాడు. నేను గుడ్డ ముక్కు మీదికి లాక్కుని, ఆమె పక్కన చోటు చేసుకుని కూర్చుని, ఆ కుప్పను మళ్ళీ మొదటి నుంచి ఏరాను.